‘ఓటా’ అంటే ఓటు కాదు నాయనా

ఎర్రగుంట్ల దగ్గర మాకు ఒక చిన్న బండల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు కటింగ్ మిషన్లు, రెండు పాలిష్ మిషన్లు, నీళ్ళ తొట్టి, రేకుల షెడ్డు, బయట రోడ్డు వారగా నిలబెట్టిన నల్లబండలు, అంతే. నాయన ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాడు. మూడేళ్ళ కిందట లెక్కలు చూసే పని నాకు అప్పజెప్పాడు. దాంతోపాటు ఎవరూ అప్పజెప్పకుండానే నా నెత్తికెక్కిన పని మా వెబ్‌సైట్.

దాన్ని పెట్టింది తమ్ముడు. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం కూర్చుని తయారుచేసి పడేశాడు. పైన ఫ్యాక్టరీ పేరు, కింద ‘స్వాగతం’, ఇంకా కింద నాయన ఫోటో, నాలుగు బండల బొమ్మలు. రెండేళ్ళలో దాన్ని చూసి వచ్చిన ఫోన్లు మూడు. ఒకటి లోను ఇస్తామని, ఇంకొకటి మా సైటును గూగుల్‌లో నంబర్ వన్ చేస్తామని. మూడోది రాంగ్ నంబర్.

ఆ రెండో ఫోనుకు మేం పడిపోయాం. నెలలో మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు ఆయన. నెల తిరక్కుండానే ఫోన్ చేసి, ‘మీ ఫ్యాక్టరీ పేరు కొట్టి చూడండి’ అన్నాడు. కొడితే నిజంగానే మేమే మొదట. నాయన ఆ స్క్రీన్‌ను ఊళ్ళో పదిమందికి చూపించాడు. మా గుమాస్తా అన్న మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టి, ‘మన పేరు కొడితే మనం రాక, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు వస్తారామ్మా?’ అన్నాడు. అప్పుడు నాకు చురుక్కుమంది. మా పేరు తెలిసినవాడు గూగుల్‌లో ఎందుకు వెతుకుతాడు? నేరుగా ఫోన్ చేస్తాడు కదా!

తర్వాత పేజీని మౌసుతో కిందిదాకా సెలెక్ట్ చేసి చూస్తే, తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో ‘స్టోన్, కడప స్టోన్, బెస్ట్ స్టోన్, చీప్ స్టోన్’ అని బారెడు దాచిపెట్టి ఉంది. పేజీ లోపలి కోడ్‌లో మెటా కీవర్డ్స్ అనే చోట అవే మాటలు ఇంకో మూరెడు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగును చూడనే చూడమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. దాచిపెట్టిన అక్షరాలయితే గూగుల్ స్పామ్ నియమాల్లో తప్పుల కిందే ఉన్నాయి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగులే రాసి పెట్టింది. ఇవన్నీ డబ్బు కట్టాక చదివాను. ముందు చదివి ఉంటే ఆ డబ్బుతో ఒక కటింగ్ బ్లేడు వచ్చేది.

ఇక నేనే కూర్చున్నాను. నాకు కంప్యూటర్ చదువు లేదు, బీకాం చేశాను. గూగుల్ వాళ్ళదే సర్చ్ కన్సోల్ అనే ఉచిత పనిముట్టు ఉందని తమ్ముడు చెప్పి, డొమైన్ సెట్టింగుల్లో ఏదో ఒక లైను పెట్టి సైటు మాదేనని రుజువు చేసి ఇచ్చాడు. రెండు మూడు రోజులకు అంకెలు రావడం మొదలైంది. ఎవరు ఏ మాట కొడితే మా పేజీ వాళ్ళ కంటబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అనేవి అందులో కనిపిస్తాయి. పదహారు నెలల వరకు వెనక్కి చూడొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ చదవడం వచ్చినవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు. ఒకటే తేడా, మొత్తాలు కలపబోతే కలవవు. అతి తక్కువమంది కొట్టిన మాటలను గోప్యత కోసం చూపించరట. లెక్క తేలలేదని రెండు సాయంత్రాలు తల పట్టుకున్నాక తెలిసింది ఆ సంగతి.

ఆ జాబితా చిన్నదే. కానీ అందులో రెండో వరుసలో ఉన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఊరి పేరే, కానీ స్పెల్లింగు వేరు. కె-ఏ-డి-ఏ-పి-పి-ఏ. కడప్పా. దాని పక్కన ‘కిచెన్’. మా స్థానం గూగుల్ ఫలితాల ఏడో పేజీలో ఎక్కడో. అక్కడిదాకా ఎవరు దిగి చూస్తారు?

మా సైటు నిండా ఏం రాసి ఉందంటే, ‘బ్లాక్ లైమ్‌స్టోన్ స్లాబ్స్’. తమ్ముడు ఇంజినీరు కాబట్టి శాస్త్రం ప్రకారం రాశాడు. తప్పేం లేదు, మా రాయి సున్నపురాయే. ఇంట్లో మేం నాపరాయి అంటాం, నల్లబండ అంటాం, ఊరికే బండ అంటాం. కొనేవాడు ఏమంటాడో ముప్పై ఏళ్ళలో మేమెవరం పట్టించుకోలేదు. దళారీ వచ్చేవాడు, లారీ నిండేది, పోయేది.

ఆ రోజే గుమాస్తా అన్న దగ్గర ఉన్న పొడుగు పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఫోన్ వస్తే ఊరు, సైజు, ఏం అడిగారు అన్నది విన్నది విన్నట్టు రాసుకోవడం ఆయనకు అలవాటు. ధర కుదరకపోయినా రాస్తాడు. నాలుగు నెలల పుస్తకం ముందేసుకుని, అడిగిన మాట ఒక వరుసలో, ఊరు ఒక వరుసలో ఎక్కించుకుంటూ పోయాను. మధ్యలో పూనా దగ్గర ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. ‘ఓట. రెండడుగుల పట్టి.’ ‘ఓటకు నల్లది కావాలంట.’

నాయనను అడిగితే నవ్వాడు. “ఆ కాల్స్‌లో రెండు నేను తీసుకుంటిలే. ఎలక్షన్ల టైము కదా, ఓటు గురించి ఎవురో చేస్తాండారని పెట్టేస్తి.”

పూణెలో ఉండే మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు అసలు సంగతి. మరాఠీలో వంటింటి గట్టును ‘ఓటా’ అంటారు. ఆ గట్టు మీద పరిచే నల్లబండను ‘కడప్పా’ అంటారు. అంటే అక్కడ ఇల్లు కట్టుకునేవాడికి కడప ఒక ఊరన్న ధ్యాసే లేదు. ఆ మాటకు అర్థం రాయి! ‘ఓటా’ అంటే ఓటు కాదు నాయనా అని చెబితే, ఆయన కాసేపు మాట్లాడలేదు. పెట్టేసిన ఫోన్లను లెక్కేసుకుంటున్నాడనుకుంటా.

ఈ పుస్తకం ముందు నేను తర్వాత వాడిన పనిముట్లన్నీ దిగదుడుపే. అయినా వాటి సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూడా బోర్లా పడ్డాను.

ఏ మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో చెప్పే గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఉచితమే, కానీ యాడ్స్ ఖాతా తెరవాలి. తెరవగానే ప్రకటన ఇవ్వు, కార్డు నంబరు ఇవ్వు అని వెంటపడుతుంది. తప్పించుకుని లోపలికి పోతే, ప్రకటనలకు డబ్బు పెట్టని మనలాంటి వాళ్ళకు కచ్చితమైన అంకె చూపదు. నెలకు 100 నుంచి 1 వెయ్యి, 1 వెయ్యి నుంచి 10 వేలు, ఇట్లా ఉంటుంది. వందకూ వెయ్యికీ మధ్య ఏ అంకైనా కావచ్చు. సంతలో ‘మూడు నుంచి ముప్పై దాకా చెప్తాండారు’ అంటే ఏం కొంటాం? పైగా దగ్గర దగ్గరగా ఉన్న స్పెల్లింగులను ఒకే మూటగా కట్టి అన్నిటికీ ఒకే అంకె ఇస్తుంది. స్పెల్లింగుల తేడా చూద్దామని పోయిన నాకు అక్కడ దొరికింది సున్నా.

అక్కడే ‘కాంపిటీషన్’ అని ఒక గడి ఉంటుంది. ‘లో’ అని కనబడిన మాటలన్నీ ఏరుకుని, ఇవి తేలిగ్గా దక్కుతాయని సంబరపడ్డాను. వారం తర్వాత తెలిసింది, ఆ పోటీ ప్రకటనలు ఇచ్చేవాళ్ళ మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడానికి దానితో సంబంధమే లేదు. ఏరుకున్న జాబితా అంతా చించేశాను.

ఒక మాటను వెతకడం ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో గీత గీసి చూపే గూగుల్ ట్రెండ్స్‌లో కడప అని కొడితే గీత బ్రహ్మాండంగా లేచింది. ఆ గీత అసలు సంఖ్య చూపదు, బాగా ఎక్కువున్న చోటును 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. సరే, లేచిందని సంతోషించాను గానీ, వాళ్ళందరూ వెతికింది వాతావరణం, రైళ్ళు, ఫలితాలు, రాజకీయం. రాయి అని చేర్చి కొడితే చాలా మాటలకు ‘చూపించడానికి తగినంత డేటా లేదు’ అని వచ్చింది.

ఇక స్పెల్లింగుల బాధ. బ్రిటిష్ కాలం నుంచి మా ఊరిని సి-యు-డబుల్ డి-ఏ-పి-ఏ-హెచ్ అని రాసేవాళ్ళు. 2005లో ప్రభుత్వం దాన్ని కె-ఏ-డి-ఏ-పి-ఏ చేసింది. బోర్డులు మారాయి గానీ రాయి అమ్మేవాళ్ళ బిల్లుల్లో పాత స్పెల్లింగు అట్లాగే ఉండిపోయింది. మహారాష్ట్ర, గుజరాత్ వైపు రెండు పి-లు. ఇంగ్లండ్‌లో తోటల్లో, ఇంటి ముందర పరిచే మా నల్లబండను ‘పి’ పక్కన ‘హెచ్’ పెట్టి కడఫా లాగా రాసి అమ్ముతారు. 1872లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇక్కడి రాతి పొరల గురించి రాసిన గ్రంథంలో కె-తో మొదలుపెట్టి చివర హెచ్ తగిలించాడు. గుమాస్తా అన్న వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలు చూస్తే ఇంకో మూడు రకాలు. ఊరు ఒకటే, బారసాల మాత్రం పదిసార్లు చేశారు.

పాత స్పెల్లింగుకు వెతుకులాటలు ఎక్కువనిపించి ముందు దాని మీద పడ్డాను. సెర్చ్ పెట్టెలో ఆ మాట కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏ నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం కొడుతూ గూగుల్ కింద ఏం అందిస్తుందో రాసుకున్నాను. నా పాత అలవాట్లు అడ్డం రాకుండా ఇన్‌కాగ్నిటో విండోలో చేశాను. ‘బి’ దగ్గర బేసిన్ వచ్చింది. కడప బేసిన్ అంటే భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళు వెతికేది. ‘ఏ’ దగ్గర ఆల్మండ్ వచ్చింది. సారపప్పును ఇంగ్లిష్‌లో కడప బాదం అంటారట, నాకు అప్పటిదాకా తెలియదు. వీళ్ళెవరికీ మా బండ అక్కర్లేదు. వెయ్యిమంది బేసిన్ పిల్లలు మా పేజీకి వచ్చి వెళ్ళినా మాకు ఒక చదరపు అడుగు అమ్ముడుపోదు. మాట ఒకటే అయినా వెతికేవాడి అక్కర వేరు. దీన్నే ఈ సెర్చ్ పని తెలిసినవాళ్ళు ‘ఇంటెంట్’ అంటారు.

అప్పటినుంచి ఏ మాట దొరికినా ముందు నేనే కొట్టి, మొదటి పేజీలో ఎవరున్నారో చూడటం మొదలుపెట్టాను. ‘కడప స్టోన్ ప్రైస్’ కొడితే ఇండియామార్ట్ లాంటి పెద్ద పెద్ద సైట్లు వరసగా కూర్చుని ఉన్నాయి. వాటి మీదికి మా రేకుల షెడ్డు ఎక్కలేదు. పక్కన పెట్టాను. ‘కడప్పా కిచెన్ ఓటా’ కొడితే కొన్ని వీడియోలు, రెండు మూడు పాత వ్యాసాలు, ఫోటోలు. ఇక్కడ సందుంది అనిపించింది.

సందు చూసి ఆత్రపడ్డాను. నా తెలివి ఎట్లా పనిచేసిందంటే, స్పెల్లింగుకు ఒక పేజీ చొప్పున ఐదు పేజీలు చేశాను. లోపల విషయం ఒకటే, ఊరి పేరు మాత్రం మార్చాను. ఒక రాత్రిలో ఐదు పేజీలు! తమ్ముడికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను. రెండు నెలలు గడిచినా ఒక్కటీ కదల్లేదు. సర్చ్ కన్సోల్‌లో చూస్తే ఒకే మాటకు ఒకరోజు ఒక పేజీ, ఇంకోరోజు ఇంకో పేజీ. నా పేజీలే ఒకదాని కాళ్ళు ఒకటి లాగుతున్నాయి. అంతకంటే ఘోరం, కేవలం పైకి రావడానికే ఒకే పోలికతో చేసే పేజీలను గూగుల్ ‘డోర్‌వే’ అని స్పామ్ కింద కడుతుంది. తెల్ల అక్షరాలు దాచిన ఆయన్ను తిట్టుకున్న నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను.

ఐదింటినీ ఒకటి చేశాను. పాత నాలుగు చిరునామాలు కొట్టినా కొత్తదానికే వచ్చేట్టు తమ్ముడు 301 దారిమళ్ళింపు పెట్టాడు. శీర్షికలో రెండు పి-ల స్పెల్లింగు, లోపల ఒక వాక్యంలో ‘ఇదే రాయిని ఇట్లా కూడా రాస్తారు’ అని మిగతావి. అంతే చాలింది. ఒక స్పెల్లింగుకు ఇంకొకటి బంధువని గూగుల్‌కు మనం చెప్పకముందే చాలావరకు తెలుసు.

పేజీలో ఏం రాయాలో మళ్ళీ పొడుగు పుస్తకమే చెప్పింది. ఓటాకు ఎంత మందం కావాలి, ఎంత వెడల్పు పట్టి దొరుకుతుంది, గ్యాస్ పొయ్యికి బండ కోసే చోట పగలకుండా ఏం చేయాలి, లారీలో పడుకోబెట్టి పంపుతారా నిలబెట్టి పంపుతారా. మా మేస్త్రి రోజూ ఫోన్లో చెప్పే జవాబులనే అక్షరాల్లో పెట్టాను. నిలబెట్టే పంపుతాం, పడుకోబెడితే దారిలోనే రెండు ముక్కలవుతుంది.

ఇంకో మాట కూడా పుస్తకంలో పదే పదే ఉంది. ‘మచ్చ.’ బండ కొని పరిచినవాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి అడిగేది ఇదే. ఎక్కడో నిమ్మకాయ పిండితే తెల్లటి మరక పడింది, పోవడం లేదు. సున్నపురాయికి పులుపు పడదు, పైన పాలిష్‌ను తినేస్తుంది. మా ఇంట్లో అమ్మ చింతపండు పులుసు గిన్నె గట్టు మీద పెట్టాలంటే కింద పళ్ళెం పెట్టేది, కారణం అడిగితే ‘బండ తెల్లబోతుంది’ అనేది. కెమిస్ట్రీ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. సెర్చ్‌లో చూస్తే ఈ ప్రశ్న రకరకాలుగా ఉంది, సరైన జవాబు చెప్పే పేజీలు తక్కువ. దీని మీద ఒక పేజీ రాస్తానంటే నాయనకు కోపం వచ్చింది.

“మన సరుకు లోపం మనమే దండోరా వేస్తామా? చింతపండు పడితే మచ్చ పడుతుందని తెలిస్తే గ్రానైట్‌కు పోడా వాడు?”

“పరిచినాక తెలిస్తే తిట్టుకుంటూ పోతాడు నాయనా. ఇప్పుడు ఫోన్ చేసి తిడతాండేది వాళ్ళే కదా.”

రెండు రోజులు మాటల్లేవు. మూడోరోజు ఆయనే వచ్చి, “నూనె రాసే సంగతి కూడా రాయి. ఎండకు వెలిసిపోతాదని రాయి. ఎట్లాగూ రాస్తాండావు కదా, సగం ఎందుకు?” అన్నాడు. ఆ పేజీలో సగం నాయన చెప్పిందే. పాలిష్ ఎత్తుకుపోయిన మచ్చ తుడిస్తే పోదని, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందేనని, టాయిలెట్ కడిగే యాసిడ్ దాని మీద పడనివ్వద్దని నిర్మొహమాటంగా రాశాం.

తెలుగు మాటల దగ్గర మాత్రం నాకు నిరాశే మిగిలింది. తెలుగు లిపిలో ‘నాపరాళ్ళు’ అని ప్లానర్‌లో పెడితే అంకె చోట గీత వచ్చింది. మావాళ్ళు వెతికినా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, ‘బండలు’ అని, ‘నాపా బండలు’ అని, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా. అయినా ఒక పేజీ తెలుగులో పెట్టాను, లాభం చూసి కాదు, మనసొప్పక. దగ్గరి ఊళ్ళవాళ్ళ కోసం అసలు పనిచేసింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. మ్యాప్‌లో షెడ్డు చోటు, పనివేళలు, బండల ఫోటోలు పెట్టాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నుంచి దారి చూసుకుని నేరుగా వచ్చేవాళ్ళు కనబడ్డారు. దానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేకపోయింది, ఒక మధ్యాహ్నం పని.

ఆ తర్వాత అంతా ఎదురుచూపు. సైటులో చేసిన మార్పుల ఫలితం కనబడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టొచ్చని గూగుల్ వాళ్ళే ఒక వీడియోలో చెప్పారు. అది తెలిసి కూడా రోజూ పొద్దున పళ్ళు తోముకోకముందే సర్చ్ కన్సోల్ తెరిచేదాన్ని. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి, షుగర్ రీడింగ్ చూసుకున్నట్టు టెన్షన్. చివరికి మా ఆయన ఫోన్లోంచి ఆ షార్ట్‌కట్ తీసేసి, వారానికి ఒకసారి శనివారం చూడు అన్నాడు. మంచి పని చేశాడు.

ఐదో నెలలో ఓటా పేజీ గూగుల్ ఫలితాల్లో రెండో పేజీకి వచ్చింది, ఎనిమిదో నెలకు మొదటి పేజీలో చివర్న. మొదటి స్థానం ఇంతవరకు రాలేదు. మచ్చల పేజీ దానికంటే ముందే ఎక్కింది. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చదివి వెళ్ళిపోతారు, కొందరు ఫోన్ చేసి నిమ్మకాయ గోడు వెళ్ళబోసుకుంటారు, మేస్త్రికి ఓపిక ఎక్కువ కాబట్టి వింటాడు. నాసిక్ నుంచి ఒకాయన అట్లా మచ్చ గురించే ఫోన్ చేశాడు. నాలుగు నెలల తర్వాత కొత్త ఇంటికి మళ్ళీ నల్లబండే కావాలని అరలారీ సరుకు తెప్పించుకున్నాడు. నాయన ఆ బిల్లును మాత్రం ఫైల్లో పెట్టకుండా తన డ్రాయరులో ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఆయనకో కొత్త పిచ్చి పట్టింది. కొత్త నంబరు నుంచి ఎవరు ఫోన్ చేసినా, ధర చెప్పకముందే వచ్చీరాని హిందీలో ‘గూగుల్ మే క్యా మారా?’ అని అడుగుతాడు. అవతలివాళ్ళు బిత్తరపోతారు. చెప్పిన మాటను, స్పెల్లింగుతో సహా, గుమాస్తా అన్న పుస్తకంలో కొత్తగా గీసిన గడిలో రాయిస్తాడు. మొన్న సూరత్ నుంచి ఒకాయన ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడి, పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. గడి ఖాళీగా ఉంది.

“ఈయప్ప ఏమీ కొట్టలేదంటమ్మా. ఫోన్‌తో నోటితోనే అడిగినాడంట. దీనికి స్పెల్లింగు ఏమని రాయాల?”